టన్నీ ఎవిటా ప్లాట్‌ఫాం

ఆయన పేరు మొదటిసారి చదివినప్పుడే తప్పు చదివాను. 2008 ఫిబ్రవరి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ శివార్లలో బెల్‌విల్ అనే చోట అద్దెకు దిగాను. ఇంటి ఓనరమ్మగారి వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించిన పాత నాటకం టికెట్ ముక్క ఒకటి ఉండేది. దాని మీద పేరు చూసి "పీటర్-డిర్క్ ఉయిస్... ఎవరండీ ఈయన?" అన్నాను. ఆవిడ మూకుడు ముందు నిలబడి జడల్లా అల్లిన పిండి ముక్కలు వేయిస్తున్నారు. గరిటె అలాగే పట్టుకుని పడీ పడీ నవ్వారు. "ఉయిస్ కాదయ్యా, ఎయ్స్" అన్నారు. తర్వాత ఆ వేగిన జడల్ని పాకంలో ముంచి నా ముందు పెట్టారు. కుక్‌సిస్టర్ అంటారు వాటిని. మన జిలేబీకి దూరపు చుట్టం అనుకోండి. మూకుడులోంచి తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి పాకంలో ముంచాలి, కిటుకంతా అందులోనే ఉంది. రెండు తినేసరికి చేతులు మోచేతి దాకా జిగురు.

"ఇంకోటి. నన్ను మిసెస్ అని పిలవకు, టన్నీ అను" అన్నారు.

టన్నీ అంటే పిన్ని. అత్త కూడా అదే, ఆంటీ కూడా అదే. ఆఫ్రికాన్స్ అనే అక్కడి భాష మాట్లాడేవాళ్ళకి వరస కలపందే నోరు తిరగదు. వయసులో పెద్దవాడైన మగాడు ఎవరైనా ఊమ్, ఆడమనిషి ఎవరైనా టన్నీ. పెట్రోలు బంకులోనైనా, చర్చి గుమ్మంలోనైనా అంతే. ఆఫీసులో నాన్న వయసు వాళ్ళని కూడా పేరు పెట్టి పిలవలేక మూడు వారాలుగా మింగలేక కక్కలేక ఉన్న తెనాలి వాడిని నేను. ఆ మాట వినగానే చెప్పులు విప్పి ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది. ఎయ్స్ అనే ఆ నాటక రచయిత సరిగ్గా ఆ వరసనే అడ్డం పెట్టుకుని ఒక దేశపు ప్రభుత్వాన్ని పుష్కర కాలం ఆటాడించాడని నాకు అప్పటికి తెలియదు.

ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు డర్బన్ వాడు. ఇంటిపేరు నాయుడు, అక్కడి స్పెల్లింగులో నాయిడూ. 1860 నుంచి చెరుకు తోటల్లో కూలికి ఓడల్లో మనవాళ్ళని తీసుకెళ్ళారు కదా, వాళ్ళ సంతతి. వచ్చిన తెలుగు నాలుగు ముక్కలు, అందులో రెండు తిండి పేర్లు. నేను ఆఫ్రికాన్స్ నేర్చుకుంటున్నానంటే ముఖం అదోలా పెట్టాడు. "మాకు దాన్ని స్కూల్లో బలవంతంగా నేర్పారు. మా నాన్నని పార్కు బెంచీ మీంచి లేపిన పోలీసు ఆ భాషలోనే లేపాడు" అన్నాడు. అతని కోపం అర్థమైంది. 1976 జూన్ 16న సొవెటోలో నల్లవాళ్ళ పిల్లలు రోడ్డెక్కింది కూడా, పాఠాలు ఆఫ్రికాన్స్‌లో చెప్తామన్నందుకే. పోలీసులు ఆ పిల్లల మీద కాల్పులు జరిపారు.

కానీ ఆ భాష ఒక్క తెల్లవాళ్ళదే కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు తెచ్చిన మాట అక్కడి ఖోయ్ జనం నోళ్ళలో, మలయ్ దీవుల నుంచీ ఇండియా నుంచీ పట్టుకొచ్చిన బానిసల నోళ్ళలో నలిగి నలిగి వేరే భాషయింది. అరటిపండుని వాళ్ళు 'పీసాంగ్' అంటారు, మలయ్ మాట. చాలా అనడానికి 'బాయ'. అదీ అక్కడిదే. మచిలీపట్నంలో, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు మనం చూసినవే; ఆ డచ్చి కంపెనీవాళ్ళే కోరమాండల్ తీరం నుంచి మనుషుల్ని కూడా కేప్‌కి ఎక్కించారు. పాత రికార్డుల్లో ఆ మనుషుల పేర్ల చివర 'ఫాన్ కోరమాండెల్' అని ఉంటుంది. ఈ సంగతి నాయుడికి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఉన్నట్టుండి గొంతు సన్నగా చేసి, మెడ వయ్యారంగా తిప్పి ఆఫ్రికాన్స్‌లో ఏదో అన్నాడు. కాంటీన్‌లో ఉన్న పదిమందీ ఒక్కసారి నవ్వారు. "ఎవిటా" అన్నాడు. "ఆ భాషలో నాకు నవ్వొచ్చేది ఆవిడ దగ్గరే."

ఎవిటా బెజేడెన్‌హౌట్ అనే మనిషి లేదు. ఉన్నది పీటర్-డిర్క్ ఎయ్స్. ఎవిటా ఆయన రాసుకున్న పాత్ర, తనే చీటికీ మాటికీ విగ్గు పెట్టుకుని వేసే వేషం. అయినా ఆ దేశంలో ఆవిడ సంగతి అందరికీ తెలుసు. మా టన్నీ అయితే ఆవిడ గురించి పక్కవీధి మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడేవారు. "ఎవిటా కొత్త టోపీ కొంది." "ఎవిటా ఈసారి ఎవరికి ఓటేస్తుందో." మొదట్లో ఈవిడకి చాదస్తం ఏమోనని భయపడ్డాను.

ఆయన సంగతులు ముక్కలు ముక్కలుగా టన్నీ చెప్పగా, తర్వాత ఆయన పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. 1945 సెప్టెంబర్ 28న కేప్‌టౌన్‌లో పుట్టారు. పెరిగింది పైన్‌లాండ్స్ అనే తెల్లవాళ్ళ పేటలో. తండ్రి హానెస్ ఎయ్స్, సంగీతం తెలిసిన, క్రమశిక్షణ గల ఆఫ్రికానర్, అంటే ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లవాడు. తల్లి హెల్గా బాసెల్ బెర్లిన్ నుంచి వచ్చిన పియానో విద్వాంసురాలు. చెల్లెలు టెస్సా కూడా పియానో కచేరీలు చేస్తుంది. కేప్‌టౌన్ యూనివర్సిటీలో డ్రామా చదివి, 1969లో లండన్ ఫిల్మ్ స్కూల్‌కి వెళ్ళారు. అదే ఏడాది తల్లి తన ప్రాణం తనే తీసుకుంది. ఆవిడ యూదురాలని, నాజీలు వృత్తి లాక్కుంటే దేశం వదిలి వచ్చిందని పిల్లలిద్దరికీ ఆవిడ పోయాకే తెలిసింది.

నాకు ఈ విషయం దగ్గర చదవడం ఆగిపోయింది. తెల్లతోలు ఉన్నందుకు అన్నీ దక్కిన పేటలో, రంగు చూసి మనుషుల్ని విడగొట్టే చట్టాల మధ్య పెరిగిన కుర్రాడు. వాడి సొంత అమ్మనే ఇంకో దేశంలో ఇలాంటి చట్టాలే తరిమేశాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. ఆ తర్వాత ఆయన రాసిన ప్రతిదాంట్లోనూ, నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఎక్కడో ఒకచోట చెయ్యి చల్లబడుతుంది. ఎందుకో అప్పుడు తెలిసింది.

1970ల మొదట్లో లండన్ నుంచి తిరిగొచ్చి 'స్పేస్ థియేటర్'లో చేరారు. బ్రయన్ ఆస్ట్‌బరీ అనే ఫొటోగ్రాఫరు, ఆయన భార్య, నటి ఇవాన్ బ్రైస్‌లాండ్ కలిసి 1972లో కేప్‌టౌన్‌లో పెట్టిన చిన్న హాలు అది. నాటకశాలల్లో కూడా ఏ రంగువాళ్ళు ఎక్కడ కూచోవాలో చట్టం చెప్పే రోజులు. అక్కడ మాత్రం అందరూ కలిసే కూచునేవారు. ఎయ్స్ ఆఫ్రికాన్స్‌లో, ఇంగ్లీషులో నాటకాలు రాశారు, తనే డైరెక్ట్ చేశారు, సొంత కంపెనీ పెట్టి ప్రొడ్యూసరు కూడా తనే అయ్యారు. 'సెల్లె ఓ స్టోరీ' (అదే పాత కథ అని అర్థం), 'కార్నవాల్'. రెండింటినీ సెన్సారు బోర్డు నిషేధించింది. వంక ఏమిటంటే బూతులు, దైవదూషణ. ఆ ఉత్తర్వులు చదువుతుంటే నవ్వొస్తుంది. పెద్ద పెద్ద చదువులు చదివిన పెద్దమనుషులు కూచుని ఏ పేజీలో ఏ తిట్టు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టారు. ఎయ్స్ వాళ్ళతో ఉత్తరాలు నడిపారు, ఆ ఉత్తరాలనే హాస్యం చేశారు. తనకి ఫ్రీగా పబ్లిసిటీ చేసి పెట్టేది వాళ్ళేనని చెప్పుకునేవారు.

రేడియో సీరియళ్ళలో ఏడుపుగొట్టు రైతు కుటుంబాల కథలు ఆఫ్రికాన్స్ ఇళ్ళల్లో తెగ వినేవారట. వాటిని వెక్కిరిస్తూ 1970ల చివర ఆయన రాసిన 'డీ ఫాన్ ఆర్డెస్ ఫాన్ హ్రూటూర్' జనానికి బాగా పట్టింది. హ్రూటూర్ అంటే పెద్దచెవి. మా టన్నీ అందులో డైలాగులు అప్పటికీ ఒప్పచెప్పేవారు. ఆ సీరియళ్ళు నేను విన్నవాణ్ణి కాదు కనుక నాకు అందులో సగం ఎక్కలేదు, అబద్ధమెందుకు.

ఎవిటా పుట్టింది స్టేజీ మీద కాదు, పేపర్లో. 1978లో అక్కడ పెద్ద కుంభకోణం బయటపడింది. ప్రభుత్వం తన పేరు బాగు చేసుకోవడానికి ప్రజల డబ్బు రహస్యంగా ఖర్చుపెట్టింది. ప్రధాని దిగిపోవాల్సి వచ్చింది, పీ డబ్ల్యూ బోతా వచ్చాడు. ఆ రోజుల్లో ఎయ్స్ జొహానెస్‌బర్గ్ 'సండే ఎక్స్‌ప్రెస్'లో కాలమ్ రాస్తున్నారు. సూటిగా రాస్తే అచ్చులో రాని సంగతుల్ని రాజధాని ప్రిటోరియా పార్టీలో ఓ పెద్దింటావిడ నోరు జారి చెప్పే కబుర్లలా రాయడం మొదలుపెట్టారు. ఆవిడకి అన్నీ తెలుసు, ఏదీ తప్పనిపించదు. ఆ ఆడమనిషికి పేరు పెట్టక తప్పలేదు. ఎవిటా అయింది.

1981 ఏప్రిల్ 1న ఆవిడ జొహానెస్‌బర్గ్ మార్కెట్ థియేటర్‌లో స్టేజీ ఎక్కింది. నటుల గుంపుని పెట్టుకునే డబ్బు లేక, పెట్టుకుంటే నిషేధంతో అందరి పొట్టా కొట్టినట్టవుతుందని, ఒక్కడే ఆడే షో తయారు చేసుకున్నారు ఎయ్స్. ఆ థియేటర్ ముచ్చట కూడా చెప్పాలి. అది ఒకప్పుడు ఇండియన్ పండ్ల మార్కెట్. మనవాళ్ళు మామిడిపళ్ళు, అరటిగెలలు అమ్మిన షెడ్డు. దాన్ని 1976లో బార్నీ సైమన్, మానీ మానిమ్ నాటకశాలగా మార్చారు, సొవెటో కాల్పులు జరిగిన వారానికే తెరిచారు.

షో పేరులోనే చురక ఉంది. బోతా తెల్లవాళ్ళతో "అడాప్ట్ ఆర్ డై" అన్నాడు, మారండి లేదా చస్తారని. ఎయ్స్ ఆ చివరి మాట స్పెల్లింగులో ఒక అక్షరం మార్చి, చావు అనే డైని జుట్టుకేసే డై చేశారు. మారండి, లేదా రంగేసుకోండి! ఆ ప్రభుత్వం చేసింది అదే కదా, మార్పు పేరుతో రంగెయ్యడం. ఆ తర్వాత కూడా అంతే. బోతా ఏ మాట ఊతపదం చేసుకుంటే అది ఆయన తర్వాతి షో పేరు. దేశం మీద 'టోటల్ ఆన్‌స్లాట్' (అన్ని వైపుల నుంచీ దాడి) జరుగుతోందంటే 1984లో ఆ పేరుతో షో. 1985 ఆగస్టులో డర్బన్‌లో రూబికాన్ నది దాటేశామని, అంటే ఇక వెనక్కి తిరిగేది లేదని, గొప్పగా ఉపన్యసిస్తే, మరుసటి ఏడు 'బియాండ్ ది రూబికాన్'. నా స్క్రిప్టు రాసేది ప్రభుత్వమే, అందుకే వాళ్ళకి నేను కట్టేది పన్ను కాదు, రాయల్టీ అని ఆయన జోకు.

ఎవిటా చేసే ఉద్యోగం రాయబారి. ఎక్కడికి? బాపెటికోస్వేటి అనే దేశానికి. మ్యాపులో వెతక్కండి, లేదు. అప్పట్లో ప్రభుత్వం నల్లవాళ్ళకి తెగలవారీగా ఓ ముక్క భూమి కేటాయించి, "ఇకనుంచి ఇదే మీ దేశం, మా దేశంలో మీరు పరాయివాళ్ళు" అనేది. 1976లో ట్రాన్స్‌కై, 1977లో బొఫుతత్స్వానా, 1979లో వెండా, 1981లో సిస్కై. బయటి ప్రపంచంలో ఏ దేశమూ వాటిని గుర్తించలేదు. ఉత్తుత్తి దేశాలు అసలు ఉన్నప్పుడు ఉత్తుత్తి రాయబారి ఉంటే తప్పేముంది? ఆవిడకి మొగుడు, పిల్లలు, చెల్లెలు, అందరికీ పుట్టుపూర్వోత్తరాలు రాశారు. ఓ కొడుకు పేరు ఇజాన్ (Izan). ఇంగ్లీషు అక్షరాలు వెనక నుంచి చదవండి, తెలుస్తుంది. తల్లి కథ తెలిశాక ఆ పేరు చూస్తే నవ్వు రాలేదు నాకు.

సెన్సారు వాళ్ళు ఎవిటాని ఎందుకు పట్టుకోలేకపోయారని టన్నీని అడిగాను. ఆవిడకి అది ప్రశ్నే కాదు. "టన్నీని ఎవరు అరెస్టు చేస్తారయ్యా?" అన్నారు. ఆవిడ బూతు మాట అనదు. దేవుణ్ణి తిట్టదు. ప్రభుత్వాన్ని నోరారా పొగుడుతుంది. ఆ పొగడ్తతోనే మంత్రి పరువు తీస్తుంది. ఇంట్లో అందరికంటే పెద్ద పిన్నిని కేసులో ఇరికించడానికి ఏ పోలీసుకి నోరొస్తుంది?

టన్నీ భర్త రైల్వేలో గుమస్తా చేశారు. ఆ రోజుల్లో ఆఫ్రికానర్లకి రైల్వే ఉద్యోగం అంటే ప్రభుత్వం పెట్టిన అన్నం. ఆయనకి ఈ షో చూసే ధైర్యం లేదు, చూడాలని ఉంది. ఆ దేశానికి అసలు టీవీ వచ్చిందే 1976లో, వీడియో ఇంకా కొత్త. జొహానెస్‌బర్గ్ నుంచి మరిది ఎవరో కాపీ చేసిన క్యాసెట్ తెచ్చాడట. ఓ ఆదివారం సాయంత్రం చర్చి నుంచి వచ్చాక కర్టెన్లు వేసి, సౌండు బాగా తగ్గించి పెట్టారు. "మా ఆయన చేతులు కట్టుకుని కూచున్నాడు. నవ్వలేదు. చర్చిలో టీ పార్టీ మాటలు వచ్చినచోట దగ్గాడు. చాలాసేపు దగ్గాడు" అన్నారు టన్నీ. ఆ క్యాసెట్ మీద ఆయనే తన గుండ్రటి అక్షరాలతో 'రగ్బీ' అని రాసి, మిగతా క్యాసెట్ల మధ్య పెట్టారు. పాస్టరుగారు ఇంటికొస్తే చూస్తారని భయం. ఆయన 1990ల్లో పోయారు. ఎవిటా ఊరికి వెళ్దామని చాలాసార్లు అనుకున్నారట, వెళ్ళలేదు.

నేను కారు కొన్న నెలలోనే టన్నీ తయారైపోయారు. 2009, ఎన్నికలు దగ్గరకొస్తున్నాయి. డార్లింగ్ అనే ఊరికి కేప్‌టౌన్ నుంచి ఉత్తరంగా 75 కిలోమీటర్లు ఉంటుంది. ఊరి పేరు ప్రేమతో పెట్టింది కాదు, డార్లింగ్ అనే ఓ బ్రిటిష్ అధికారి పేరు. పడమటి సముద్రం పక్కన తిన్నటి రోడ్డు. సెప్టెంబర్లో అయితే పొలాల నిండా పూలని చెప్పారు టన్నీ. మేము వెళ్ళినప్పుడు గోధుమ కోసేసిన మోళ్ళు తప్ప ఏమీ లేవు.

ఆ ఊళ్ళో ప్యాసింజర్ రైళ్ళు ఆగడం మానేసిన పాత రైల్వే స్టేషన్‌ని 1996లో ఎయ్స్ నాటకశాల చేశారు. పేరు 'ఎవిటా స పెరోన్'. ఆఫ్రికాన్స్‌లో పెరోన్ అంటే ప్లాట్‌ఫాం; అర్జెంటీనా ప్రెసిడెంటు భార్య ఎవిటా పెరోన్ కూడా అందులోనే దాక్కుంది. పక్కన తోట, దాని పేరు 'బూరాసిక్ పార్క్'. బూర్ అంటే రైతు, ఆఫ్రికానర్ అని కూడా. అంతరించిన రాక్షసబల్లుల పక్కన ఆ పాత నాయకుల బొమ్మలు కూడా ఉండాల్సిందేగా. రంగు చూసి మనుషుల్ని విడగొట్టిన ఆ అపార్థైడ్ కాలం నాటి 'తెల్లవాళ్ళకు మాత్రమే' బోర్డులు గోడలకి ఉన్నాయి. టన్నీ వాటి ముందు ఒక నిమిషం ఆగి, హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి, మళ్ళీ వేసి, లోపలికి నడిచారు. నేను ఏమీ అడగలేదు.

హాల్లో ఇండియన్ని నేనొక్కణ్ణే. ఎవిటా వచ్చింది. నగలు, లిప్‌స్టిక్, నిండైన చిరునవ్వు. మేమంతా ఆవిడ ఇంటికొచ్చిన చుట్టాలన్నట్టే పలకరించింది. సగం ఇంగ్లీషు, సగం ఆఫ్రికాన్స్. ఆఫ్రికాన్స్ జోకు రాగానే టన్నీ నా చెవిలో అనువాదం చేసేవారు. దాంతో నా నవ్వు అందరికంటే ఐదు సెకన్లు లేటు. ముందు వరసలో ఒకాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. కరెంటు కోతల మాట వచ్చినప్పుడు మాత్రం అందరికంటే ముందు నవ్వింది నేనే. 2008లో అక్కడ లోడ్ షెడ్డింగ్ పెట్టినప్పుడు కొవ్వొత్తులు ఎక్కడ పెట్టుకోవాలో మా ఆఫీసుకి నేర్పింది మరి ఎవరనుకున్నారు.

ఆ రాత్రి తిరిగి వస్తూ టన్నీకి మా పెదనాన్న గురించి చెప్పాను. పద్యనాటకాల్లో ఆయన సత్యభామ. సాయంత్రమే గడ్డం రెండుసార్లు గీయించుకునేవాడు, ఆ రోజు మజ్జిగ తప్ప ముట్టేవాడు కాదు. బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా ఆడవాళ్ళనే మరిపించిన నేల మాది. 1956లోనే ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. కాబట్టి మగాడు ఆడవేషం వెయ్యడం నాకు వింత కాదు. తేడా ఏమిటో రెండోసారి వెళ్ళినప్పుడు తెలిసింది. అది ఎవిటా ఒక్కదాని షో కాదు. చాలామంది మనుషులు. ఎయ్స్ నల్ల బట్టల్లో ఖాళీ స్టేజీ మీద నిలబడి, అట్టపెట్టెల్లోంచి కళ్ళద్దాలో టోపీయో తీసి పెట్టుకునేవారు. పెట్టుకోవడం మన కళ్ళ ముందే. వేలు ఆడించి పెదాలు తడుపుకోగానే బోతా దిగేవాడు. నగలు గలగలమంటే నోవెల్ ఫైన్, జొహానెస్‌బర్గ్ శాండ్టన్ పేట డబ్బున్నావిడ. టోపీ తీస్తే మళ్ళీ ఎయ్స్. మా పెదనాన్న స్టేజీ మీద ఉన్నంతసేపూ వేషం కింద మగాడున్నాడన్న సంగతి మనం మర్చిపోవాలి. ఎయ్స్ మనల్ని మర్చిపోనివ్వడు. చులకన మాట అన్నది మంత్రే అయినా నవ్వింది మనమేనని, టోపీ తీసిన ఆ రెండు సెకన్లలో గుర్తుకొస్తుంది.

ప్రొడ్యూసరు అంటే మనకి సిగార్, సఫారీ సూట్ గుర్తొస్తాయి. ఈయన సెట్టంతా కారు డిక్కీలో పడుతుంది. అందుకే ఎక్కడికైనా వెళ్ళగలిగారు. 1994 ఏప్రిల్ 27న అందరూ ఓటేసిన తొలి ఎన్నికల తర్వాత ఈయనకి ఇక పనుండదని చాలామంది అనుకున్నారట. ఆ ఏడే ఎవిటా టీవీలో కొత్త నాయకుల్ని ఇంటర్వ్యూ చేసింది. నెల్సన్ మండేలా కూడా వచ్చి ఆవిడ ఎదురుగా కూచుని హాయిగా నవ్వారు. 27 ఏళ్ళు జైల్లో పెట్టిన వర్గం తాలూకు పిన్నిగారితో! 1999 ఎన్నికల ముందు ఎవిటా ఊరూరా తిరిగి ఓటెలా వెయ్యాలో చెప్పింది. తర్వాత అధికార పార్టీ ఆఫీసు వంటింట్లో చేరానంది.

నాకు వీటన్నిటికంటే పెద్దగా కనిపించేది స్కూళ్ళ సంగతి. థాబో ఎంబెకీ ప్రెసిడెంటుగా ఉండి, ఎయిడ్స్‌కి కారణం హెచ్ఐవీయేనా అని అనుమానాలు లేవనెత్తుతున్న కాలం. మందులు అందక జనం పోతున్నారు. ఎయ్స్ 2000 నుంచి సొంతంగా బడి బడికీ తిరిగారు, వందల బళ్ళు. కండోమ్ ఎలా వాడాలో పిల్లల ముందు నవ్విస్తూ చూపించారు. హెడ్మాస్టర్లు నేల చూపులు చూసేవారట. మిలియన్‌కి పైగా పిల్లలకి ఆ షో చేరిందంటారు. నాయుడి చెల్లెలు డర్బన్‌లో తన స్కూల్లోనే చూసిందట. "అమ్మ చెప్పలేదు, టీచర్ చెప్పలేదు. ఎవిటా టన్నీ వేసే ఆయన చెప్పాడు" అంది.

2010 సెప్టెంబర్లో డార్లింగ్ మళ్ళీ వెళ్ళాం, ఫోర్‌కామర్‌ఫెస్ట్‌కి. ఫోర్‌కామర్ అంటే ముందుగది, మన హాలు. ఏడాదికోసారి ఊళ్ళోవాళ్ళు తమ ఇళ్ళ ముందుగదుల్ని నాటకాలకి ఇచ్చేవారు. టికెట్ కొంటే మినీబస్సు టాక్సీ ఎక్కించేవారు. ఏ ఇంటికి తీసుకెళ్తారో, అక్కడ ఏముందో చెప్పేవారు కాదు. పెద్ద పెద్ద ఇళ్ళకీ వెళ్ళాం, ఊరి చివర రేకుల కప్పు ఇంటికీ వెళ్ళాం. అక్కడ సోఫా చేతి మీద కూచున్నాను. ఆ ఇంటి ముసలావిడ వెనక నుంచి నా వీపు తట్టి, చాకొలెట్ డబ్బా అందించింది. "డాంకీ టన్నీ" అన్నాను, థాంక్స్ పిన్నీ అని. మా టన్నీ అది విని ఇంటికొచ్చేదాకా పదిమందికి చెప్పారు.

2011లో నేను హైదరాబాద్ వచ్చేశాను. ఆ ఏడే బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఎయ్స్‌కి ప్రత్యేక టెడ్డీ అవార్డు ఇచ్చారని టన్నీ మెయిల్ పెట్టారు. వాళ్ళమ్మ వదిలి వచ్చిన ఊరు బెర్లిన్. ఆవిడ తెచ్చుకున్న బ్లూట్నర్ పియానోని పిల్లలు ఆ ఊళ్ళోని యూదు మ్యూజియంకే ఇచ్చేశారు.

2016లో టన్నీ ఫోను చేశారు. 'ది ఎకో ఆఫ్ ఎ నాయిస్' చూసి వచ్చారట. విగ్గు లేదు, లిప్‌స్టిక్ లేదు. తలకి నల్లటి ఉన్ని టోపీ పెట్టుకుని, ఎత్తు స్టూలు మీద కూచుని, వాళ్ళ నాన్న గురించీ, అమ్మ గురించీ, తనని పెంచిన ఇంటి పనిమనిషి సానీ గురించీ చెప్పారట. "నవ్వించాడా టన్నీ?" అని అడిగాను. "నవ్వించాడు. మా ఆయన దగ్గినట్టు దగ్గాను" అన్నారు.

తర్వాతి ఏడు నాయుడు ఆఫీసు పని మీద హైదరాబాద్ వచ్చాడు. సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన వీడియో క్యాసెట్ ఒకటి తీసి ఇచ్చాడు. టన్నీ పంపారు. గుండ్రటి అక్షరాలు: రగ్బీ.

మా ఇంట్లో వీసీఆర్ అటకెక్కి ఇరవై ఏళ్ళు. కోఠీలో పెళ్ళి వీడియోల పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే చిన్న షాపు ఉందని ఎవరో చెప్పారు. ఇద్దరం వెళ్ళాం. కుర్రాడు క్యాసెట్ అటూ ఇటూ తిప్పి, బూజు పట్టిందన్నాడు. అక్కడిదీ మనదీ ఒకే పాల్ వీడియో పద్ధతి కాబట్టి ఆడితే ఆడుతుందన్నాడు. లేబుల్ చూపిస్తే నాయుడు చదివాడు.

"మ్యాచా సార్?"

"మ్యాచ్ కాదు. మా పిన్నిగారు" అన్నాను.

టేపు దూదితో తుడిచి లోపల పెట్టాడు. ముందు గీతలు. తర్వాత మంచు. గీతల వెనక నుంచి చప్పట్లు వినిపించాయి, ఎవిటా వంకరగా, ఆకుపచ్చగా తెర మీదికి వచ్చింది. బయట బస్సుల హారన్లు. నాయుడు అప్పటికే నవ్వుతున్నాడు. పక్క జిరాక్స్ షాపాయన ఏమిటీ గోల అని తొంగిచూశాడు.

"సౌండు తగ్గించమంటారా సార్?" అన్నాడు కుర్రాడు.

"వద్దు. ఉండనీ" అన్నాను.